నాందోం పల్లెలో ఈస్టర్

ఏప్రిల్ 16, 2025, బుధవారం

ఈస్టర్ సెలవులొస్తే ఘానా రాజధాని అక్రాలో డబ్బూ ఓపికా ఉన్నవాళ్లు క్వాహూ కొండల దారి పడతారు. అక్కడ పారాగ్లైడింగ్, పాటలు, బీరు, రాత్రంతా జాతర. మా ఆఫీసులోనూ వారం నుంచి ఇదే గోల. నేను మాత్రం ఉత్తరానికి బయల్దేరాను. టెమా రేవు పట్నంలో మా గోడౌన్ స్టోర్స్ చూసే మిత్రుడిది ఘానా వాయవ్య మూల నాందోం దగ్గర పల్లె. దగారా తెగ మనిషి, పుట్టుకతో కథోలికుడు. నేనూ అంతే, మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం పక్కన. ఈ ఒక్క సంగతి మీదే మా స్నేహం మొదలైంది. "క్వాహూలో ఏముంది? బాస్‌లు, బీరు సీసాలు. మా ఇంటికి రా, మా అమ్మ కల్లు కాస్తుంది" అన్నాడు.

అక్రా నుంచి వా పట్నానికి 700 కిలోమీటర్లకు పైనే. రాత్రి బస్సు. టాపు మీద, సీట్ల కింద, కాళ్ల మధ్య, ఎక్కడ చూసినా బియ్యం బస్తాలే. దక్షిణాన కూలికో చిన్న ఉద్యోగానికో వెళ్లిన ఉత్తరాదివాళ్లు పండక్కి ఇంటికెళ్తుంటే చేతిలో బియ్యం ఉండి తీరాలి. వాళ్ల పొలాల్లో పండేది జొన్న, సజ్జ, మొక్కజొన్న, వేరుశనగ. బియ్యం అంటే పండగ. మావాడు రెండు బస్తాలు వేశాడు. కండక్టర్ లగేజీ డబ్బులడిగితే అరగంట వాదించి సగానికి దింపాడు. ఆ తర్వాత బస్సులో నైజీరియా సినిమా ఫుల్ సౌండుతో పెట్టారు. ఏసీ మంచుగడ్డలా ఉంది. కుమాసి దాటేవరకూ నిద్రపట్టలేదు.

ఏప్రిల్ 17, గురువారం

తెల్లవారుజామున బంబోయ్ దగ్గర బ్లాక్ వోల్టా నది దాటామని మావాడు లేపి చూపించాడు. చీకట్లో వంతెన తప్ప ఏమీ కనపడలేదు. బోలే వచ్చేసరికి వెలుతురొచ్చింది. దేశాధ్యక్షుడు మహామా సొంతూరు ఇదే. రోడ్డు బాగుంటుందేమో అనుకున్నాను. బాగానే ఉంది, ఊరు దాటేవరకు.

వాలో దిగగానే ఎండ మొహాన కొట్టింది. మన రెంటచింతల మే నెల గుర్తొచ్చింది. అక్కడి నుంచి నదౌలి, జిరాపా, లావ్రా మీదుగా నాందోం, ఇంకో 100 కిలోమీటర్లు దాటి. ట్రోట్రోలో, అంటే షేర్ వ్యానులో, నలుగురు కూర్చునే వరసలో ఐదుగురం. దారిలో పోలీసు చెకింగులు. నాందోంకు ఉత్తరానా పడమరానా బుర్కినా ఫాసోనే. అక్కడి మిలిటెంట్ల దాడులకు భయపడి జనం ఇటు దాటి వస్తున్నారు. సరిహద్దుకు అటుపక్కా దగారాలే, ఇటుపక్కా దగారాలే. ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ నదినీ అక్షాంశాన్నీ గీత చేసుకుని పంచుకున్నారు. మావాడి మేనత్త అటుపక్కే ఉంది. ఈ ఏడాది పండక్కి రాలేదు. ఆ టెన్షన్ ఇంట్లో అందరి మొహాల్లోనూ ఉంది, నోటితో మాత్రం ఎవరూ అనరు.

జిరాపా దగ్గర బండి ఆగితే మావాడు గుడి వైపు చెయ్యి చూపించి శిలువ గుర్తు వేసుకున్నాడు. ఈ ప్రాంతంలో క్రైస్తవం మొదలైంది ఇక్కడే. 1929 నవంబరులో ముగ్గురు 'వైట్ ఫాదర్లు', అంటే ఆ పేరున్న కథోలిక మిషనరీ సంఘంవాళ్లు, వచ్చి దిగారు. వాళ్లకు పెద్ద కెనడా గురువు మెకాయ్. పుండ్లకు మందులిచ్చారు, సూదులు వేశారు. చుట్టుపక్కల జనం నెమ్మదిగా చేరుతున్నారు. 1932లో వాన పడలేదు. మొలక మాడిపోతోంది. భూమి పూజారులు చేయాల్సిన బలులన్నీ చేశారు. చివరికి ఓ ఊరి పెద్దలు మిషన్‌కు వచ్చి, మీ దేవుణ్ణి వాన అడగండి అన్నారు. ప్రార్థన చేశారు, వాన పడింది. తర్వాత ఇంకో ఊరు, ఇంకో ఊరు. నెలల్లో వేలమంది జిరాపా బాట పట్టారు, ఫ్రెంచి వైపు నుంచి కూడా.

దీన్ని అద్భుతమనాలో, జూలైలో ఎప్పుడో ఒకప్పుడు పడాల్సిన వానే అనాలో నాకు తెలీదు. వాన మాత్రం పడింది. ఇక్కడ అందరూ తాతల దగ్గర విన్నదే, నిన్న జరిగినట్టు చెబుతారు. అయితే వాన పడింది కదా అని ఫాదర్లు ఎవరికీ వెంటనే జ్ఞానస్నానం ఇవ్వలేదు. నాలుగేళ్లు మెడలో పతకం వేసుకుని ఉపదేశం నేర్చుకోవాల్సిందే. ఒక భార్యతోనే ఉండాలి. మావాడి ముత్తాతకు ఇద్దరు భార్యలు. ఇద్దరిలో ఒకరిని వదలడం ఇష్టంలేక పోయేవరకూ గుడి బయట చెట్టు కిందే కూర్చుని పూజ విన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు మావాడి గొంతులో గర్వమే ఉంది.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. మట్టి గోడలు, చదును మట్టి మిద్దె. పైకెక్కడానికి గంట్లు కొట్టిన దుంగ నిచ్చెన. రెండు గదులకు మాత్రం రేకులు. అవి మావాడి టెమా డబ్బులు. వాళ్లమ్మ సొరకాయ డొప్పలో పిండి కలిపిన నీళ్లిచ్చింది. అవి తాగేవరకూ ఎక్కడి నుంచి వచ్చావని కూడా అడగలేదు. తాగాక మాత్రం అడగని ప్రశ్న లేదు. నా పెళ్లి, పిల్లలు, మా అమ్మ మోకాళ్ల నొప్పి, అన్నీ.

కరెంటు స్తంభం వీధిలోకి వచ్చింది, వైరు ఇంట్లోకి రాలేదు. నీళ్లకు బోరింగు పంపు, దాని ముందు బిందెల బారు. మట్టి గాదెలోకి తొంగిచూస్తే గింజలు మోకాలెత్తు కూడా లేవు. కోతలు అక్టోబరు నవంబరుల్లో. ఇక్కడ ఏడాదికి ఒకటే వానాకాలం, ఒకటే పంట. మే నుంచి కొత్త పంట చేతికొచ్చేవరకూ ఆకలి రోజులే. ఈస్టర్ సరిగ్గా వాటి గుమ్మంలో వస్తుంది. క్రిస్మస్‌కు గాదె నిండుగా ఉంటుంది, ఎవరైనా పండగ చేస్తారు. ఈస్టర్ చేయాలంటే లెక్క కావాలి. ఆ లెక్క ఆ తల్లి తలలో ఉంది. విత్తనాల కుండ వేరుగా, మూతికి మట్టి మెత్తి, మూల పెట్టింది. దాని జోలికి ఎవరూ పోరు.

సాయంత్రం మోటార్‌కింగ్ మీద నాందోం గుడికి. మన ట్రాలీ ఆటోలాంటి మూడు చక్రాల బండి. వెనక పన్నెండుమందిమి నిలబడ్డాం. గుడి సెయింట్ థెరీసా పేరున, ఇప్పుడు బసిలికా హోదా కూడా ఉంది. 1930లలో రాతితో కట్టారు. రాళ్లను కొత్త విశ్వాసులు ఆడా మగా నెత్తిన మోసి తెచ్చారు. ఈ మట్టి మిద్దెల మధ్య అంత రాతి గుడి చూస్తే ఎవరికైనా ముందు ఆ నెత్తులే గుర్తుకొస్తాయి.

కాళ్లు కడిగే పూజ. మహిమ గీతం మొదలవగానే పీఠం పక్కనున్న రెండు జీల్‌లు ఒక్కసారిగా అందుకున్నాయి. చెక్క పలకల వాయిద్యం. నేను యూట్యూబ్‌లో విన్నదానికీ దీనికీ సంబంధం లేదు. ఛాతీలో మోగుతుంది. గీతం అయిపోయింది, వాయిద్యం ఆగింది. శనివారం రాత్రి వరకూ ఇక గంటా లేదు, జీలూ లేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

రాత్రి మిద్దె మీదే పడుకున్నాం. గదుల్లో ఉక్క. ఊరు ఊరంతా మిద్దెల మీదే, పక్కింటివాళ్లతో మాట్లాడుకుంటూ నిద్రపోవచ్చు.

పొద్దున్నే పొగ. పెరట్లో మూడు పెద్ద కుండలు పొయ్యి మీద ఉన్నాయి. పీటో, అంటే జొన్న కల్లు. పని మొదలై వారం దాటింది. జొన్నలు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, మరలో పట్టించి, ఆ పిండిని నీళ్లలో కలిపి, తేర్చి, మళ్లీ మరిగించాలి. శుక్రవారం మరిగి చల్లారితే, పాత కల్లు అడుగున మిగిలిన మడ్డి వేసి రాత్రికి పులియబెడతారు. శుభ శుక్రవారం రోజున ఉపవాసంతో కల్లు కాచడమేమిటని నేను నవ్వుతూ అడిగాను. వాళ్లమ్మ గరిటె తిప్పడం ఆపలేదు. "ఆదివారం తాగాలంటే శుక్రవారం ఉడకాలి. యేసుకు తెలుసు" అంది.

ఈ పని ఆడవాళ్లదే. సగం ఇంటికి, సగం అమ్మకానికి. అమ్మిన డబ్బే పిల్లల స్కూలు ఖర్చు, సబ్బు, ఉప్పు. మిగిలిన పిప్పి పందులకు. ఏదీ వృథా పోదు.

మూడు గంటల ఎండలో సిలువ మార్గం. ఊళ్లో గుడి చిన్నది, రేకుల కప్పు. గురువు పెద్ద గుడి దగ్గర ఉంటాడు, ఇక్కడ నడిపేది ఉపదేశి. మన పల్లెల్లోనూ అంతేగా. పద్నాలుగు స్థలాలూ చెట్ల కింద పెట్టారు. కొన్ని షియా చెట్లు, అంటే గింజల నుంచి వెన్న తీసేవి, కొన్ని వేపచెట్లు. వేపచెట్టు ఇంగ్లీషువాళ్లు ఇండియా నుంచి తెప్పించి నాటించిందే. ఇప్పుడు ఉత్తర ఘానా అంతా దాని నీడే. ఏడో స్థలం వేప కింద వచ్చింది. యేసు రెండోసారి కిందపడతాడు, మేమందరం ఆ నీడలో కాస్త ఎక్కువసేపే మోకరించాం.

మావాళ్లు శుక్రవారం ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగాలు చేస్తారు, మైకులు పగిలిపోతాయి. ఇక్కడ ప్రసంగం లేదు. ప్రతి స్థలం దగ్గరా ముసలామె ఒకావిడ చావు ఇంట్లో ఏడ్చినట్టు రాగం తీసేది. మిగతా ఆడవాళ్లు అందుకునేవాళ్లు. ఆ రాగం వాళ్ల సొంతం, ఏ మిషనరీ నేర్పింది కాదు.

ఏప్రిల్ 19, శనివారం

పగలంతా జీల్ వాయించే కుర్రాడి దగ్గర కూర్చున్నాను. వాయిద్యం ఒళ్లో పెట్టుకుని బాగు చేస్తున్నాడు. పద్నాలుగు చెక్క పలకలు, పొగ పట్టించి ఎండబెట్టినవి. ఒక్కో పలక కింద ఒక్కో ఎండు సొరబుర్ర, చిన్నవి ఒకవైపు, పెద్దవి ఒకవైపు. బుర్రకు అక్కడక్కడా చిన్న చిల్లులు. ఆ చిల్లుల మీద సాలీడు గుడ్లు పెట్టే తెల్లటి గూడును, కాగితంలా పల్చగా సాగదీసి అతికించాడు. పలక కొట్టగానే ఆ పొర వణికి ఝుమ్మని ఒక జీర వస్తుంది. ఆ జీర లేకపోతే చెక్క శబ్దమే. "గూళ్లు దొరక్కపోతే?" అన్నాను. "కొందరు ప్లాస్టిక్ కవరు ముక్క అంటిస్తారు" అని మొహం చిట్లించాడు. పుల్లలు రెండు వేళ్ల సందున పట్టుకుంటాడు. ఆ సందుల్లో కాయలు కాచి ఉన్నాయి.

తొలితరం ఫాదర్లు ఈ వాయిద్యాన్ని గుడి ఛాయలకు రానివ్వలేదు. చావులకు వాయించేది, పాత దేవుళ్లకు వాయించేది అని. దాన్ని లోపలికి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు ఈ పక్క ఊరి బిడ్డే, పీటర్ పొరెకు డేరీ. 1951లో గురుపట్టం, 1960లో వా పీఠానికి బిషప్, 2006లో కార్డినల్. మరొకాయన రిచర్డ్ కుయియా బావోబ్ర్, ఆయనా నాందోం పల్లెలవాడే. 1929లో ఇక్కడికొచ్చిన ఆ వైట్ ఫాదర్ల సంఘానికే ఆయన ప్రపంచ పెద్దయ్యాడు. 2022లో కార్డినల్‌గా ప్రకటించారు. రోమ్‌లో దిగగానే జబ్బుపడి ఆ వేడుకకే వెళ్లలేకపోయారు. అదే ఏడాది నవంబరులో అక్కడే పోయారు. వాళ్ల ఫొటోలు రెండూ ఉపదేశి ఇంట్లో క్యాలెండరు పక్కన ఉన్నాయి. నీళ్ల పంపు దగ్గర గంట నిలబడే ఊళ్ల నుంచి ఇద్దరు కార్డినళ్లు. ఎవరికి మాత్రం గొప్పగా ఉండదు?

రాత్రి జాగరణ పూజకు మళ్లీ నాందోం. గుడి బయట మంట, ఆ మంట నుంచి పెద్ద కొవ్వొత్తి, దాని నుంచి మా చేతుల్లోని కొవ్వొత్తులు. పఠనాలు ఏడు, పూర్తిగా, ఒక్కటీ వదలకుండా. భాష దగారా. సృష్టి కథలో 'నాంగ్‌మిన్' అన్న మాట వచ్చినప్పుడల్లా దేవుడని తెలిసేది, మిగతాదంతా తెలిసిన కథే కాబట్టి ఇబ్బంది లేదు. పిల్లలు తల్లుల వీపుల మీద నిద్రపోయారు. నేనూ కాస్త కునికాను.

మహిమ గీతం. గంటలన్నీ మోగాయి, రెండు రోజులుగా మూగగా ఉన్న జీల్‌లు మోగాయి, డోళ్లు మోగాయి, ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ కేక పెట్టారు. ఎవరూ కూర్చోలేదు. వరసలు వదిలి నడుం వంచి, భుజాలు ఆడిస్తూ, నేలను కాళ్లతో దంచుతూ నడవలోకి వచ్చేశారు. నా పక్కనున్న డెబ్బై ఏళ్ల ముసలాయన చేతికర్ర నా చేతిలో పెట్టి మరీ వెళ్లాడు. పది నిమిషాలకు తిరిగొచ్చి కర్ర తీసుకున్నాడు.

ఏప్రిల్ 20, ఈస్టర్ ఆదివారం

మన గుంటూరు వైపు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్తాం. సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఇక్కడ ఆ అలవాటు లేదు. మావాడి నాన్న సమాధి ఇంటి ముందే, సిమెంటు గట్టు. రాత్రి మిగిలిన కొవ్వొత్తి ముక్క దాని మీద వెలిగించాను. వాళ్లమ్మ చూసింది, ఏమీ అనలేదు. కాసేపటికి కొత్త పీటో మొదటి డొప్ప తెచ్చి కొంచెం గట్టు పక్కన మట్టిలో పోసింది. "ఆయనకు కొవ్వొత్తి కంటే ఇదే ఇష్టం" అంది.

ఊరి గుడిలో పూజకు గురువు మోటార్ సైకిల్ మీద వచ్చాడు, మొహమంతా ఎర్రమట్టి. కానుకల వేళ ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని నాట్యం చేస్తూ వచ్చారు. ఒక బుట్టలో జొన్నలు, ఒకదాంట్లో వేరుశనగలు, షియా వెన్న ముద్దలు, గుడ్లు, కాళ్లు కట్టిన గిన్నికోళ్లు. కోడి ఒకటి కట్టు తెంచుకుని పీఠం కిందకు దూరింది. పూజ సహాయకులు ఇద్దరు దాని వెంట. గురువు ప్రార్థన చదువుతూనే కాలితో అడ్డం పెట్టాడు. సగం నిండిన గాదెల ఊరు ఆ బుట్టలెలా నింపిందో నాకు లెక్క తెలీలేదు. చందా పెట్టె దగ్గర మా టెమా వాడి వంతు నాణేలు కాదు, నోట్లు. ఊరు చూస్తూ ఉంటుంది కదా.

భోజనం దగ్గర అన్నం పిల్లలకు ముందు. అన్నం మీద టమాటా పులుసు, గిన్నికోడి ముక్క. పెద్దవాళ్లకు టీజెడ్, మన జొన్న సంకటిలాంటిదే, ఇంకాస్త మెత్తగా. దాంట్లోకి ఎండబెట్టిన గోంగూర కూర. అవును, గోంగూరే, అదే మొక్క, అదే పులుపు. కాకపోతే దవదవ గింజల ముద్ద వేస్తారు. పులిసిన వాసన గుప్పుమంటుంది. మొదటి ముద్దకు ఆగాను, మూడో ముద్దకు అడిగి వేయించుకున్నాను. ఆ దవదవ చెట్లు ఇప్పుడు కాయల మీదున్నాయి. లోపలి పసుపు పిండి పిల్లల మూతుల నిండా.

సాయంత్రానికి పెరడు నిండిపోయింది. పెదనాన్న ఒకాయన వచ్చాడు. జ్ఞానస్నానం తీసుకోలేదు, పితరుల పూజలు ఆయనే చూస్తాడు. గుడికి రాడు, పండక్కి వస్తాడు. ఉపదేశీ ఆయనా ఒకే డొప్పలో తాగారు. పొద్దుగూకే వేళ ఉత్తరాన ఉరిమింది. అందరూ తలలెత్తారు. గాలి దుమ్ము లేపింది, నాలుగు చినుకులు పడి ఆగిపోయింది. "దీనికి విత్తకూడదు" అన్నాడు పెదనాన్న. "ఇది మోసం వాన."

ఏప్రిల్ 21, సోమవారం

సెలవు రోజు. మిగిలిన పీటో తాగడం, చుట్టాలిళ్లకు తిరగడం, పిల్లలకు ఫుట్‌బాల్ మ్యాచ్. ఎనిమిదిన్నరకు మావాడి ఫోన్ వరసగా మోగడం మొదలైంది. వాట్సాప్ గ్రూపులు. పోప్ ఫ్రాన్సిస్ పోయారు.

ఎవరూ నమ్మలేదు. నిన్న రోమ్‌లో మేడ మీదకు వచ్చి దీవించారు కదా, జనంలో బండి మీద తిరిగారు కదా అని. ఉపదేశి రేడియో పెట్టాడు, చెవి ఆనించి విన్నాడు, టోపీ తీశాడు. చిన్న గుడి గంట కొట్టారు. జనం వచ్చి జపమాల చెప్పారు. ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. కుండ నిండా పీటో ఉంది, మధ్యాహ్నం జీల్ ఆట ఉంది. పోప్ పోయిన రోజున తాగొచ్చా? వాయించొచ్చా?

కుర్రకారు మానేద్దామంది. రేపటికి పీటో పులిసిపోతుందని ఆడవాళ్లు గొణిగారు. మావాడి అమ్మమ్మ, ఇంట్లో అందరికంటే పెద్దది, అప్పటిదాకా మాట్లాడలేదు. ఆయన వయసెంత అని అడిగింది. ఎనభై ఎనిమిది అన్నారు. ఆమె ఉపదేశి వైపు తిరిగి, ఎనభై ఎనిమిదేళ్ల మనిషి పండగ చేసుకుని, తన జనాన్ని చూసుకుని మర్నాడు పోతే మన ఇళ్లలో ఏం చేస్తాం అంది. అంతే. ఇక్కడ ముసలివాళ్ల చావుకు జీల్ రోజుల తరబడి మోగుతుంది, పీటో పారుతుంది. జీల్ కుర్రాడు పండగ పాట పక్కనపెట్టి చావు పాట ఎత్తుకున్నాడు. రోమ్‌లో ఉన్న ఒక అర్జెంటీనా ముసలాయన కోసం, వేపచెట్టు కింద, ఊళ్లో పెద్దమనిషి పోతే వాయించినట్టే వాయించాడు. పెదనాన్న కూడా వచ్చి చుట్టూ తిరుగుతూ ఆడాడు. కుండలు ఖాళీ అయ్యేసరికి రాత్రయింది.

ఏప్రిల్ 22, మంగళవారం

పొద్దున్నే మూటలు కట్టారు. నాకు షియా వెన్న, ఎండు గోంగూర, వద్దన్నా వినకుండా దవదవ ముద్ద ఒకటి, మూడు కవర్లు చుట్టి. మూడు చుట్టినా బస్సంతా వాసనే.

"బార్కా" అని, అంటే థాంక్స్ అని, వాళ్లమ్మ చేతులు పట్టుకున్నాను. ఆమె కొడుకును పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడింది. వా బస్టాండులో టికెట్లు తీసుకున్నాక ఏమందిరా అని అడిగాను. ఎరువుల బస్తాలు రెండు కావాలంది, వానలు పడకముందే కొంటే ధర తక్కువ, ట్రాక్టరు వాడికి అడ్వాన్సు కూడా ఇవ్వాలి అన్నాడు. బస్సు కదిలేలోపు మొబైల్ మనీ కొట్టుకు వెళ్లి ఈస్టర్ ఖర్చులో మిగిలిందంతా చెల్లెలి నంబరుకు పంపాడు. కుమాసిలో నా డబ్బులతో ఇద్దరం భోంచేశాం. జీతం రావడానికి ఇంకా వారం ఉంది.